ఏడంకె కింద మరక

ఈరోజు నా చేతికున్నది హెచ్ఎంటీ పైలట్. నల్ల డయలు, తెల్ల అంకెలు, కీ ఇచ్చే వాచీ. పొద్దున్న పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు కీ ఇచ్చేశాను. పాతిక తిప్పులు దాటాక వేలికి కొంచెం బిగువు తగులుతుంది, అక్కడ ఆపేయాలి. సెల్లు వాచీ పెట్టుకునేవాళ్ళకి ఈ బిగువు ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. ఈ రోజుకి కావలసిన కాలాన్ని మన చేత్తోనే దానికి అందించినట్టు ఉంటుంది.

నా దగ్గర ఇలాంటివి 19 ఉన్నాయి. చాలావరకు మగవాళ్ళ వాచీలే. స్కూల్లో కొత్తగా చేరిన టీచర్లు మొదట్లో "అదేంటండీ, మీవారిది పెట్టుకొచ్చేశారా?" అని అడుగుతారు. మావారికి వాచీల మీద ఆసక్తి లేదు. ఇవి నావే. ఒక్కొక్కటీ వంతు ప్రకారం నా చేతికి ఎక్కుతుంది. కదలకుండా ఏళ్ళ తరబడి పడుంటే లోపలి నూనె చిక్కబడి జిగురవుతుంది. అందుకే నేను వాచీలు దాచను, పెట్టుకుంటాను.

వంతు అన్నాను కదా, అది నాన్న దగ్గర నేర్చుకున్న మాట.

నాన్న లస్కరు. కోనసీమ వాళ్ళకి ఈ మాట వివరించక్కర్లేదు. మిగతావాళ్ళకి చెప్పాలంటే, ఇరిగేషన్ డిపార్టుమెంటులో కాలవ గట్ల వెంట తిరుగుతూ లాకుల తలుపులు, తూముల షట్టర్లు చూసుకునే ఉద్యోగి. ధవళేశ్వరం దగ్గర గోదారిని ఆపి మధ్య డెల్టాకి వదిలిన నీళ్ళు బొబ్బర్లంక మీదుగా వస్తాయి. అందులో ఒక పాయ పి.గన్నవరం అక్విడక్టు మీద వైనతేయ నది దాటి మా వైపు వస్తుంది. వానాకాలం పంట సార్వాకి నీళ్ళ కొరత ఉండదు. రెండో పంట దాళ్వాకి గోదారి సన్నబడుతుంది, అప్పుడు వంతులు పెడతారు. ఫలానా బోదెకి, అంటే చిన్న పంటకాలవకి, రాత్రి పది నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా, ఆ తర్వాత శివారు చేలకి. పావుగంట ముందు షట్టరు దించితే ఎగువ రైతుకి కోపం, పావుగంట ఆలస్యమైతే దిగువ రైతుకి కోపం. చలికాలం తెల్లవారుజామున గట్టు మీద తలపాగాలు చుట్టుకున్న మనుషులు గుంపుగా నిలబడి గొంతులు పెంచుతుంటే, నాన్న చెయ్యి చాపి వాచీ మీద టార్చిలైటు వేసేవాడు. "చూసుకోండి బాబూ, నాలుక్కి ఇంకా ఏడు నిమిషాలుంది." అక్కడితో అందరూ సర్దుకునేవాళ్ళు. ఆ గుంపులో మిగతావాళ్ళకీ వాచీలు ఉండేవి. కానీ నాన్న తన వాచీని రోజూ రేడియోలో వార్తల ముందు వచ్చే పిప్‌పిప్‌లకి సరిచేస్తాడని ఊరంతటికీ తెలుసు.

అది హెచ్ఎంటీ జనతా. ఉద్యోగం పర్మనెంటు అయిన ఏడు, 1978లో, నెలనెలా జీతంలోంచి దాచి కొనుక్కున్నాడు. తెల్ల డయలు, తేదీ లేదు, మూడు ముళ్ళు, అంతే. డయలు కింది భాగంలో 17 జ్యువెల్స్, పారాషాక్ అని చిన్న అక్షరాలు. "ఇందులో పదిహేడు కెంపులున్నాయే అమ్మలూ" అని నా చెవి దగ్గర పెట్టేవాడు. పెద్దయ్యాక చదువుకుంటే తెలిసింది, అవి నిజంగా కెంపులే. కాకపోతే గనిలోంచి తీసినవి కావు, కొలిమిలో తయారుచేసినవి. 1902లో వెర్నుయి అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ పద్ధతి ప్రకటించాక వాచీలకి కెంపులు చవకయ్యాయి. చక్రాల ఇరుసులు ఆ కెంపుల గుంటల్లో తిరుగుతాయి కాబట్టి త్వరగా అరగవు. పారాషాక్ అంటే వాచీలో అటూ ఇటూ ఊగే బ్యాలన్స్ చక్రం ఇరుసుకి ఆసరాగా ఉన్న కెంపుని చిన్న స్ప్రింగు మీద కూర్చోబెట్టడం. వాచీ కింద పడితే ఆ దెబ్బని స్ప్రింగు తీసుకుంటుంది, వెంట్రుక కన్నా పెద్ద లావుండని ఇరుసు మొన విరగదు. నాన్న వాచీ లాకు రాతి మెట్ల మీద నాకు తెలిసే రెండుసార్లు పడింది. రెండుసార్లూ నడిచింది.

1986 ఆగస్టు. భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకి చేరిన వరద. నాన్న మూడు రాత్రులు ఏటిగట్టు మీదే ఉన్నాడు. ఇసక బస్తాలు మోయడం, గట్టుకి ఎక్కడైనా బుంగ పడుతోందేమో లాంతరు పట్టుకుని చూడడం. నాలుగో రోజు ఇంటికొచ్చేటప్పటికి కాళ్ళు నాని తెల్లగా పాలిపోయి ఉన్నాయి. వాచీ అద్దం లోపల పొగమంచు పట్టినట్టు ఉంది, ముళ్ళు కనిపించడం లేదు. అమ్మ దాన్ని పొయ్యిగట్టు మీద ఒక మూల పెట్టింది. నీళ్ళు తగ్గి, దారులు తెరుచుకున్నాక నాన్న అమలాపురం తీసుకెళ్ళి బాగుచేయించాడు. మళ్ళీ నడిచింది కానీ ఏడంకె కింద ఒక మరక మిగిలిపోయింది. అర్ధచంద్రాకారంలో, తాటిబెల్లం రంగులో. నాన్న నన్ను టైము చెప్పమంటే నా కళ్ళు ముందు ఆ మరక మీదికే పోయేవి. ఎవరైనా అడిగితే "గోదారి సంతకం పెట్టింది" అనేవాడు.

నాన్న 2009లో పోయాడు. వాచీ అమ్మ ట్రంకుపెట్టెలో ఉంది. 2013లో అమ్మ దాన్ని నాకిచ్చింది. నడవడం లేదు. స్కూలు పని మీద ఒక పట్నం వెళ్ళినప్పుడు అక్కడ పెద్ద షాపులో సర్వీసింగ్‌కి ఇచ్చాను. అద్దాల షాపు, ఏసీ, కంప్యూటరు బిల్లు. వారం తర్వాత వెళ్ళాను. కౌంటరులో అబ్బాయి ఎంతో సంబరంగా మెత్తటి గుడ్డ విప్పి చూపించాడు. "మేడమ్, కొత్తదానిలా చేసేశాం."

డయలు తళతళా మెరిసిపోతోంది. అక్షరాలు లావుగా, ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఏడంకె కింద ఏమీ లేదు.

పాత పెయింటు గీకేసి దాని మీద కొత్తగా వేశారు. నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. ఆ అబ్బాయి తప్పేమీ లేదు. అతని ముఖంలో నిజమైన ఆనందం ఉంది, నాకు మేలు చేశాననే అనుకున్నాడు. "పాతది ఎక్కడ?" అంటే, ఇదే మేడమ్ పాతది, దీని మీదే వేశాం అన్నాడు. బిల్లు కట్టి బస్సెక్కాను. రావులపాలెం దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఊరికే కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. పక్క సీట్లో పెద్దావిడ "ఎవరైనా పోయారా అమ్మా?" అని అడిగింది. అవునన్నాను.

నాలుగేళ్ళు ఆ వాచీ ముట్టుకోలేదు. కానీ ఆ నాలుగేళ్ళలోనే పాత వాచీలు చూడడం మొదలుపెట్టాను. మొదట నాన్నదానిలాంటి జనతా, రంగు వేయనిది, ఒక్కటి చాలనుకున్నాను. అది వెతుకుతుంటే అసలు డయలుకీ తిరిగి రంగు వేసిన డయలుకీ తేడా పట్టుకోవడం వచ్చింది. ఇది ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. ఒక భూతద్దం కొనుక్కోండి. అసలు డయలు మీద అచ్చు అక్షరాల అంచులు సన్నగా, తేటగా ఉంటాయి. తిరిగి వేసినదాంట్లో సిరా పాకినట్టు లావుగా ఉంటాయి. నిమిషాల గీతలు చుట్టూ చూసుకుంటూ రండి, గంటల గుర్తుల ఎదురుగా సరిగ్గా పడ్డాయో లేదో తెలిసిపోతుంది. డయలు అంచున ఎవరో పెట్టిన చిన్న గాటు కనిపిస్తే అది రంగు వేసేటప్పుడు గురుతు కోసం పెట్టింది కావచ్చు. ముళ్ళ మీద చీకట్లో మెరిసే పూత ముదిరి గోధుమరంగులోకి తిరిగి, అంకెల మీద పూత మాత్రం పాలలా తెల్లగా ఉంటే రెండూ ఒకే ఈడువి కావు. ఇక ఎరుపు, పచ్చ, నారింజ రంగుల్లో మెరిసిపోతూ పైలట్ అని అమ్మకానికి పెట్టేవి చాలావరకు తిరిగి రంగు వేసినవే. అలాంటిది కొనుక్కోవడం తప్పని నేను అనను, కానీ తెలిసి కొనుక్కోండి. నా మటుకు నేను పగిలిన పెయింటు, మరక, మచ్చ ఉన్నదానికే ఎక్కువ డబ్బు పెడతాను.

2017లో అమలాపురం గడియార స్తంభం సెంటరుకి దగ్గర్లో ఒక సందులో పాత వాచీలు బాగుచేసే పెద్దాయన ఉన్నారని మా స్కూలు అటెండరు చెప్పాడు. మంచమంత బడ్డీ. బల్ల మీద గాజు మూతలు, వాటి కింద చక్రాలు, కంటికి నల్లటి ఐగ్లాసు. నేను కొత్తగా కొన్న రెండు వాచీలతో పాటు ఎందుకో నాన్నదీ తీసుకెళ్ళాను. ఆయన దాని వెనక మూత తిప్పి తీసి, వాచీ సంగతి వదిలేసి, మూత లోపలి వైపు దీపం కిందికి తెచ్చి చాలాసేపు చూశారు.

"ఇటు రండి టీచరుగారూ, ఇక్కడ చూడండి."

ఐగ్లాసు నా కంటికి పెట్టారు. మూత లోపల స్టీలు మీద సూదితో గీసినట్టు సన్నటి గీతలు. వాచీ బాగుచేసినవాళ్ళు చాలామంది మూత లోపల తేదీ, తమ గుర్తు గీసి పెడతారట, తర్వాత విప్పేవాళ్ళకి తెలియడం కోసం. నాలుగు గుర్తులున్నాయి. రెండోది 9-86. దాని పక్కన తెలుగులో ఒక్క అక్షరం, "నీ".

"నీరు దిగిన వాచీ అని రాసుకున్నాడమ్మా" అన్నారు ఆయన. "ఆయ్, ఆ నెల్లో అందరి దగ్గరా ఇవే. మా గురువుగారి దగ్గర గిన్నెల్లో కిరోసిను పోసి వరసగా పెట్టేవాళ్ళం." ఈ గీత గీసింది ఎవరో చెప్పగలరా అంటే చెప్పలేనన్నారు. అప్పట్లో ఆ సెంటరు చుట్టుపక్కల వాచీలు చేసేవాళ్ళు చాలామంది ఉండేవారట.

ఆ రోజు నుంచి ఆయన నాకు బాబాయిగారు. నాన్న వాచీ మళ్ళీ నా చేతికొచ్చింది.

మిగతావాటి గురించి చెప్పడం మొదలుపెడితే ఆపలేను. కొన్ని చెప్తాను. మా మేనమామ పెళ్ళివాచీ, హెచ్ఎంటీ కాంచన్. బంగారు పూత, తేదీ, వారం, కీ అక్కర్లేని ఆటోమేటిక్. ఆ రోజుల్లో అల్లుడికి కాంచన్ పెట్టామంటే ఆ ఇంటి పరువు వేరు. మా మావయ్య దానికోసం తాంబూలాల రోజున అలిగాడు, పిల్లనిచ్చినాయన ఎవరెవరి కాళ్ళో పట్టుకుని తెప్పించాడు. ఆ అలక గురించి ఇప్పుడు మావయ్యే బాధపడతాడు. నాకిచ్చేటప్పుడు "నాకు చూస్తే సిగ్గేస్తోందే, నువ్వు పెట్టుకో" అన్నాడు. నేను పెట్టుకుంటాను.

సీకో 5 మా అత్తయ్యది. మా వైపు నుంచి ఎంతోమంది ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనికి కువైట్ వెళ్ళారు, ఆవిడా వెళ్ళింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దిగాక సామానంతా వదిలేసి, ఎడారి దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి వచ్చింది. దాచుకున్న డబ్బులు పోయాయి. భర్త కోసం కొన్న సీకో మాత్రం జాకెట్టు చేతికి పైకి లాగి కట్టుకుని తెచ్చింది. అందులో వారం పేరు ఇంగ్లీషులో ఉంచుకోవచ్చు, అరబ్బీలోనూ ఉంచుకోవచ్చు. అత్తయ్య దాన్ని ఎప్పుడూ అరబ్బీలోనే ఉంచేది. నేనూ మార్చలేదు.

ఫేవర్ లూబా సీ ఛీఫ్ నర్సాపురంలో లేసు వ్యాపారం చేసిన కుటుంబం దగ్గర కొన్నాను. 1737లో మొదలైన స్విస్ కంపెనీ అది, మన దేశంలో హెచ్ఎంటీ రాకముందే పేరున్నది. తాతగారు లేసు సరుకు ఎగుమతి చేయడానికి మద్రాసు వెళ్ళినప్పుడు కొన్నారట. ఇప్పుడున్న మనవడికి అమ్మడం ఇష్టం లేదు, పెట్టుకోవడమూ ఇష్టం లేదు. మూడుసార్లు చించినాడ వంతెన దాటి వెళ్ళాను. మూడోసారి వాళ్ళ నాన్నమ్మే "ఆ అమ్మాయి పెట్టుకుంటానంటోంది కదరా, ఇచ్చెయ్" అంది.

ఒక్క వెస్టెండ్ మాత్రం నేను పెట్టుకోను. దాని అంకెల మీద ఉన్నది అసలైన రేడియం. మనం చీకట్లో మెరిసే ప్రతిదాన్నీ రేడియం అనేస్తాం, సైకిలు మడ్‌గార్డు స్టిక్కరుతో సహా. కానీ 1960లకి ముందు వాచీల్లో నిజంగానే రేడియం వాడేవారు. మెరుపు ఎప్పుడో పోయినా రేడియం పోదు, సగం తగ్గడానికే 1,600 ఏళ్ళు పడుతుంది. తర్వాత వచ్చిన ట్రిటియం అయితే 12 ఏళ్ళకే సగమవుతుంది. అలాంటి వాచీ ఇంట్లో ఉంటే మూత తీసి గీకకండి, ఆ పొడి ఒంట్లోకి పోకూడదు. పిల్లలకి అస్సలు ఇవ్వకండి.

మన గాలి సంగతి. డెల్టాలో పాత వాచీకి నీళ్ళలో పడడం కన్నా చెమటే పెద్ద గండం. మేనెలలో మా స్కూలు వరండాలో నిలబడితే మణికట్టు మీద నుంచి ధారగా కారుతుంది. ఆ ఉప్పు కీ సందులోంచి లోపలికి పోయి స్టీలు పుల్లని తినేస్తుంది. అందుకే ఎండాకాలం తోలు బెల్టు వాడను, గుడ్డ బెల్టు కడతాను, రోజూ సాయంత్రం వెనక మూత తుడుస్తాను. మందు సీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు పారేయకుండా డబ్బాలో వేసి, రాత్రి వాచీలు అందులో పెడతాను. అద్దం లోపల ఆవిరి పడితే ఎండలో పెట్టి ఊరుకోకండి, బియ్యంలోనూ పూడ్చకండి. ఆ రోజే విప్పించాలి. ఒక్క రాత్రిలో తుప్పు మొదలవుతుంది. వెనక మూత మీద వాటర్ రెసిస్టెంట్ అని ఉన్నా నమ్మను, లోపలి రబ్బరు ఎప్పుడో గట్టిపడిపోయి ఉంటుంది. 2015 పుష్కరాల్లో కోటిపల్లి రేవులో నా ముందు మునిగినాయన చేతికి మంచి పాత సిటిజన్ ఉంది. ముందే చెప్పలేకపోయానని నాకింకా మనసులో ఉంది.

వాచీ ఉన్నట్టుండి రోజుకి అయిదు, పది నిమిషాలు ముందుకి పరిగెడుతుంటే కంగారు పడకండి. ఎక్కువగా అది అయస్కాంతం పని. ఏ స్పీకరు పక్కనో పెడితే లోపల బ్యాలన్స్ చక్రాన్ని ఊపే సన్నటి హెయిర్‌స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. స్ప్రింగు పొట్టిదైనట్టే లెక్క, దాంతో ఊపు వేగం పెరుగుతుంది. బాబాయిగారి దగ్గర అయస్కాంతం తీసే చిన్న పెట్టె ఉంది, క్షణంలో అయిపోతుంది.

తొమ్మిదో తరగతికి ఇది పాఠంలా చెప్తాను. పుస్తకంలో లేకపోయినా చెప్తాను. జనతాని ఫోను మైకు దగ్గర పెట్టి శబ్దం రికార్డు చేసి, నెమ్మదిగా వినిపించి లెక్కపెట్టమంటాను. సెకనుకి అయిదు టిక్కులు. గంటకి 18,000. రోజుకి ఎంతో బోర్డు మీద వాళ్ళే వేస్తారు, 4,32,000. రోజుకి అర నిమిషం తేడా అంటే 2,880లో ఒక వంతు తప్పు. కరెంటు లేదు, బ్యాటరీ లేదు, ఒక చుట్టిన స్ప్రింగు. కిందటేడు మా లంక ఊళ్ళ నుంచి పంటు మీద వచ్చే పిల్లాడొకడు "టీచర్, ఇది మన దేశంలోనే చేశారా?" అని అడిగాడు. అవునన్నాను. 1961లో బెంగళూరులో, జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో మొదలైందనీ, మొదటి వాచీలు నెహ్రూగారు విడుదల చేశారనీ చెప్పాను. ఇప్పుడూ చేస్తున్నారా అంటే, 2016లో ఆ వాచీల కంపెనీ మూతకి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపిందని కూడా చెప్పాల్సి వచ్చింది. వాడి ముఖం చిన్నబోయింది. నాకూ గొంతు పట్టేసింది.

మూతపడ్డాక విడిభాగాలు కరువయ్యాయి. బాబాయిగారి దగ్గర బిస్కట్ల రేకుడబ్బాల నిండా చచ్చిపోయిన జనతాలు, సోనాలు ఉన్నాయి. ఒకదాన్ని బతికించడానికి మూడింటిలోంచి సామాన్లు తీస్తారు. ఆయనకి కుడికన్ను శుక్లం ఆపరేషనయింది, ఇప్పుడు ఐగ్లాసు ఎడమ కంటికి పెడుతున్నారు. కొడుకు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. నేను ఆదివారాలు వెళ్ళి కూర్చుంటున్నాను. ఇప్పటికి జనతా విప్పి కడిగి మళ్ళీ బిగించడం వచ్చింది, హెయిర్‌స్ప్రింగు సరిచేయడం మాత్రం రాలేదు. ట్వీజరు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. ఊపిరి వదిలాక పట్టుకోమంటారు ఆయన.

పోయిన వారం ఒక పాత హెన్రీ శాండోజ్ ఇచ్చొచ్చాను. ముమ్మిడివరంలో ఒక కొబ్బరి వ్యాపారి ఇంట్లో దొరికింది. డయలు మీద పైనుంచి కిందికి పగుళ్ళు, బీటలు వారిన దాళ్వా చేనులా ఉంది. ఎవరికిచ్చినా, చివరికి బాబాయిగారికిచ్చినా, వాచీకి దారం కట్టి ఒక చీటీ తగిలిస్తాను: "డయలు ముట్టుకోవద్దు." ఆయన చీటీ చదివి, నాకేసి చూసి, ఏమీ అనకుండా దాన్ని వాచీతో పాటు గాజు మూత కింద పెట్టారు. బ్యాలన్స్ ఇరుసు విరిగిందట. సరిపడేది డబ్బాల్లో దొరికితే ఆదివారానికి నడుస్తుందన్నారు.